పని చేసినవాడికి ఉద్యోగమా?

మా గుంటూరులో మనిషిని పరిచయం చేసే పద్ధతులు రెండు. "మావాడు ఫలానా కంపెనీలో ఉద్యోగం" అనేది ఒకటి. "మావాడు ఫలానా కొట్లో పనిచేస్తాడు" అనేది రెండోది. మొదటి మాట వినగానే అవతలివాళ్లు కుర్చీ లాగి కూర్చోమంటారు. రెండో మాట వినగానే "ఓహో, అలాగా" అని టీవీ వైపు తిరుగుతారు. నాకు 38 ఏళ్లొచ్చినా ఈ పనికీ ఉద్యోగానికీ మధ్య ఇంత పగ ఉందని తెలియలేదు. పోయిన ఏడాది ఉద్యోగాల వేటలో పడ్డాకే తెలిసింది. తెలిసినదాన్ని నాలోనే దాచుకుంటే రేపటి తరం క్షమించదు గనుక, పూర్తి సామాజిక బాధ్యతతో ఇది రాస్తున్నాను.

నా పరిశోధనలో తేలిందేమిటంటే, ఉద్యోగం కావాలనుకునేవాడు పొరపాటున కూడా పని చేయకూడదు. చేసినా నలుగురికీ తెలియనివ్వకూడదు. ఏమీ చేయకుండా ఇంట్లో కూర్చున్నవాణ్ని 'ఫ్రెషర్' అని ముద్దుగా పిలుస్తారు. 14 ఏళ్లు పనిచేసినవాణ్ని ఏమని పిలవాలో వాళ్లకే తెలియదు.

ముందు నా నేరం ఒప్పుకుంటాను. బీకాం అయ్యింది, బ్యాంకు పరీక్షలు మూడుసార్లు రాశాను, మూడుసార్లూ బ్యాంకు బతికిపోయింది. అప్పుడు మా మేనమామ నన్ను తీసుకెళ్లి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా కుదిర్చాడు. తాత్కాలికంగానే. ఆ తాత్కాలికం 14 ఏళ్లు నడిచింది.

సీజన్లో తెల్లారేసరికి యార్డులో బస్తాలు గుట్టలుగా ఉంటాయి. తన కాయే యార్డు మొత్తానికి ఎర్రనిదని ప్రతి రైతూ ఒట్టేస్తాడు. ఆ ఒట్టుకి విలువ కట్టడమే నా పని. బస్తా మూతి విప్పి పైనున్న కాయ చూసి మురిసిపోయేవాడు అమాయకుడు. పైన ఎవరైనా మంచి కాయే పోస్తారు. మోచేతి దాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి గుప్పెడు తీయాలి. చెవి దగ్గర పెట్టి ఆడించాలి. గింజ గలగలమందా, కాయ ఎండింది. మూగగా ఉందా, నెమ్ముంది, రాత్రి ఎవరో నీళ్లు చల్లారు. ఆ తర్వాత తొడిమ, రంగు, తాలు ఎంత కలిసిందీ, ఆఖరికి వాసన. తేజ రకమైతే ఘాటు చూడాలి, బాడిగ రకమైతే రంగు చూడాలి, సన్నం రకమైతే రెండూ చూసి రైతు మొహం కూడా చూడాలి. ఇదంతా ఒక్క నిమిషంలో అయిపోవాలి, పక్కన ఇంకో యాభై బస్తాలు ఎదురుచూస్తుంటాయి. తర్వాత కాటా, తక్‌పట్టీ అనే అమ్మకం బిల్లు, చిట్టా, ఆవర్జా పుస్తకాలు, హమాలీల కూలి. తీసుకున్న అడ్వాన్సు పోగా రైతు చేతికొచ్చేదెంతో చెప్పేటప్పుడు ఆయన కంట్లో నీళ్లు తిరుగుతాయి. అవి మిరప ఘాటుకి వచ్చాయని ఇద్దరం అనుకుంటాం.

కాయలు ముట్టుకున్న చెయ్యి కంట్లో పెట్టుకోకూడదని మొదటి వారంలోనే నేర్చుకున్నాను. కొత్తగా చేరినవాడికి మా యార్డులో ఇచ్చే ఇండక్షన్ ట్రైనింగ్ అదొక్కటే.

రెండేళ్ల కిందట మా షావుకారు గారు వయసు మీదపడి కొట్టు మూసేశారు. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు. వాళ్లను చదివించింది మిరపకాయలే గానీ వాళ్లకి ఆ ఘాటు పడదట. నాకు చివరి నెల జీతం, బట్టలు, ఒక టిక్కీ, అంటే బస్తా, మంచి తేజ కాయలు ఇచ్చి పంపారు. రిలీవింగ్ లెటర్ అడగాలని నాకు తోచలేదు, ఇవ్వాలని ఆయనకూ తోచలేదు. వీధి గుమ్మం దాకా వచ్చి "జాగ్రత్త నాయనా" అన్నారు. ఆ మాటని స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం ఎలాగో ఇప్పటికీ తెలియలేదు.

అప్పటినుంచి ఒక కోల్డ్ స్టోరేజీలో రోజువారీ లెక్కలు చూస్తున్నాను. అదీ పనే. బడి ఫారంలో తండ్రి వృత్తి అనే గీత మీద మా అమ్మాయి ప్రతి జూన్‌లోనూ పెన్సిల్ పెట్టి ఆగిపోతోంది. "నాన్నా, ఏం రాయమంటావు?" అంటుంది. ఇంక లాభం లేదని ఉద్యోగాల వెబ్‌సైట్ తెరిచాను.

'ఇండస్ట్రీ' అనే గడి నొక్కితే చాంతాడంత జాబితా దిగింది. విమానాలున్నాయి, యానిమేషన్ ఉంది, నడిసముద్రంలో చమురు తోడే వ్యాపారం కూడా ఉంది. ఆసియాలోనే అతిపెద్దదని పేరుపడ్డ మిర్చి మార్కెట్ మా ఇంటికి ఆటో దూరంలో ఉంది, జాబితాలో మాత్రం లేదు. గుంటూరు సన్నానికి, ఇది ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు ఉంది. దాన్ని చీకట్లో కూడా గుర్తుపట్టే మనిషికి మాత్రం డ్రాప్‌డౌన్‌లో చోటు లేదు. జాబితా అట్టడుగున 'అదర్స్' అని ఉంది. పెళ్లి భోజనాల దగ్గర "మీరలా బయట షామియానా కింద కూర్చోండి, వడ్డిస్తారు" అంటారే, అదన్నమాట. వెళ్లి కూర్చున్నాను. ఇంతవరకు ఎవరూ వడ్డించలేదు. డిజిగ్నేషన్ గడిలో గుమస్తా అని కొట్టాను. 'గుజరాతీ ట్రాన్స్‌లేటర్' అనా మీ ఉద్దేశం అని అడిగింది. మర్యాదగల యంత్రం, కాదంటే ఊరుకుంది.

అరండల్‌పేటలో రెజ్యూమేలు కొట్టిపెట్టే షాపు కుర్రాడు నా కథంతా విని 150 రూపాయలు తీసుకున్నాడు. గంటలో రెండు పేజీలు చేతిలో పెట్టాడు. కాటా దగ్గర కొట్టుకోబోయిన ఇద్దర్ని విడదీశానని చెబితే దానికి 'కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్' అని పేరు పెట్టాడు. కరెంటు పోయినప్పుడు సెల్లు వెలుగులో తక్‌పట్టీలు రాశానంటే 'బిజినెస్ కంటిన్యుటీ' అన్నాడు. ఇంటికి తెచ్చి బల్లమీద పెడితే మా ఆవిడ చదివి, "ఎవరిదండీ ఇది? కుర్రాడు బాగానే ఉన్నాడే, మా చిన్నక్క కూతురికి అడుగుదామా?" అంది.

ఆ కాగితంలో ఉన్న కుర్రాడికే పిలుపొచ్చింది, విజయవాడలో బెంజ్ సర్కిల్ పక్కన. సుగంధ ద్రవ్యాలు విదేశాలకి పంపే కంపెనీ. యార్డులో మిర్చి కొనిపెట్టే మనిషి కావాలట, హోదా పేరు ప్రొక్యూర్‌మెంట్ ఎగ్జిక్యూటివ్. నా కోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫైలు పాలిథిన్ కవర్లో పెట్టుకుని, పొద్దున్నే నాన్‌స్టాప్ బస్సెక్కాను. వారధి మీదకి రాగానే బస్సులో సగంమంది ఇంద్రకీలాద్రి వైపు దణ్ణం పెట్టుకున్నారు. నేను ఫైలుతో సహా పెట్టుకున్నాను.

ఏసీ గదిలో ముగ్గురు. హెచ్‌ఆర్ అమ్మాయి, మాట్లాడని ఒక పెద్దమనిషి, లాప్‌టాప్‌లోంచి తొంగిచూస్తున్న బెంగళూరు ఆయన.

"ప్రొక్యూర్‌మెంట్‌లో ఎన్నేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్ మీకు?"

"14 ఏళ్లు కాయ చూశానమ్మా."

"చూడటం కాదు సర్. ప్రొక్యూర్‌మెంట్."

"చూసే కొంటామమ్మా."

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. నేను ప్రొక్యూర్‌మెంట్ చేయలేదని, ఊరికే చూస్తూ ఉండిపోయానని రాసుకుని ఉంటుంది.

తర్వాత యూఏఎన్ నంబరు అడిగింది. పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లకి ఇచ్చే నంబరు. అది కొడితే ఎవరు ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో తెలిసిపోతుంది. లేదన్నాను. లేకపోతే వెరిఫై చేయడం కష్టం సర్ అంది. పీఎఫ్ చట్టం 1952లో వచ్చింది. మామూలుగా 20 మంది, ఆ పైన పనిచేసే చోట్లకే అది వర్తిస్తుంది. మా కొట్లో షావుకారు గారు కాక ఏడుగురం. అంటే నా జీవితం రుజువు కావడానికి 13 మంది తక్కువయ్యారు. ముందే తెలిసుంటే మా మేనమామ పిల్లలందర్నీ చేర్పించి ఉండేవాణ్ని, ఆయనకి ఆ శక్తి ఉంది.

లాప్‌టాప్ ఆయన అందుకున్నాడు. "తేజ వెరైటీ ఎస్‌హెచ్‌యూ ఎంతుంటుంది?"

ఎస్‌హెచ్‌యూ అంటే స్కోవిల్ లెక్క, మిరప ఘాటు కొలత. ఎగుమతిదారుల మనుషులు మా కొట్టు ముందు నిలబడి ఈ మాట అనగా 14 ఏళ్లు విన్నాను. అంకె నోటికి రాలేదు. "నోట్లో పెట్టుకుంటే చెప్పగలనండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. బస్సులో తిరిగొస్తూ ఆ స్కోవిల్ ఎవరో సెల్లులో చూశాను. అమెరికాలో మందుల శాస్త్రం చదివిన ఆయన. 1912లో ఆయన చేసిందేమిటంటే, మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, పలచన చేస్తూ చేస్తూ కొందరు మనుషులకి రుచి చూపించాడు. ఎన్ని రెట్లు పలచన చేస్తే నాలుకకి మంట తెలియకుండా పోతుందో ఆ అంకె రాసుకున్నాడు. అంతే. ప్రపంచమంతా తలాడించే ఆ కొలత కొందరి నాలుకల మీద పుట్టింది. ఇప్పుడు యంత్రాలొచ్చాయనుకోండి. ఆ రుచి చూసినవాళ్ల యూఏఎన్ నంబర్లు స్కోవిల్ గారు అడిగారో లేదో మాత్రం ఎక్కడా దొరకలేదు.

చివరికి అసలు ఘట్టం వచ్చింది. గ్యాపులు.

"సర్, మీరిచ్చిన వివరాల్లో ఏటా మే నెలలో ఒక గ్యాప్ కనిపిస్తోంది."

"ఎండలకి యార్డుకి సెలవులమ్మా. జూన్‌లో తెరుస్తారు. అది యార్డు గ్యాపు, నాది కాదు."

"మరి ఆ టైములో?"

ఇక్కడ నేను నోరు మూసుకోవాల్సింది. మేలో పెళ్లిళ్లుంటాయి గనుక మా బాబాయి వంట కాంట్రాక్టులో లెక్కలు చూసేవాణ్నని నిజం చెప్పేశాను. ఎన్ని విస్తళ్లు లేచాయో లెక్కపెట్టడం ఎంత కష్టమో ఆ అమ్మాయికి వివరించాను కూడా. పెళ్లివారు 600 అంటారు, మనకు 740 తేలుతుంది, మధ్యలో పెళ్లికూతురి మేనత్త మొగుడు వచ్చి "సగం తిని లేచిన ఆకులు కూడా లెక్కేనా?" అని వాదిస్తాడు. లాప్‌టాప్ ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. "కెరీర్‌లో ఫోకస్ కనిపించట్లేదు" అన్నాడు. సెలవుల్లో ఖాళీగా పడుకుని ఉంటే ఫోకస్ ఉండేది.

ఇంకొక గ్యాపు మిగిలింది. ఎనిమిది నెలలది. మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు షావుకారు గారు సెలవిచ్చారు. ఆ ఎనిమిది నెలల్లో ఏం చేశారని అడిగితే, అమ్మకి అన్నం తినిపించానని చెప్పాను. మెత్తగా కలిపిన పెరుగన్నం చిన్న ముద్ద పెట్టి, గొంతు కదిలిందా లేదా చూసి, కదిలాకే రెండో ముద్ద పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది. గిన్నెడు అన్నానికి ముప్పావుగంట. ఇంత వివరంగా వాళ్లకి చెప్పలేదు, మీకే చెబుతున్నాను. వాళ్లతో "ఇంట్లో ఉన్నానండీ" అన్నాను. "ఆ టైములో స్కిల్ అప్‌గ్రేడేషన్ ఏమైనా చేశారా?" అని అడిగిందా అమ్మాయి. చెడ్డపిల్ల కాదు, కాగితం మీద ఉన్న ప్రశ్న అది.

గ్యాపులంటే ఇంత భయం మనవాళ్లకి ఎక్కడినుంచి వచ్చిందా అని ఆలోచించాను. వానలు పడకపోతే మనం విరాటపర్వం చదివించుకునే జాతి. అందులో ఉన్నదేమిటి? పన్నెండేళ్ల గ్యాప్ ఉన్న ఐదుగురు అన్నదమ్ములు, భార్యతో సహా, ఒకే కొలువులో ఉద్యోగాలకి వెళ్లడం. ఆ గ్యాపులోనే అర్జునుడు మన ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని బెజవాడ స్థలపురాణం చెబుతుంది. స్కిల్ అప్‌గ్రేడేషన్ అంటే అలా ఉండాలి. తీరా ఆయనకొచ్చింది డాన్సు మాస్టారు ఉద్యోగం. ఆ డాన్సు ఇంద్రలోకంలో చిత్రసేనుడి దగ్గర నేర్చుకున్నాడు, సర్టిఫికెట్ లేదు. భీముడు వంటకి చేరాడు. నకులుడు గుర్రాలు, సహదేవుడు ఆవులు. ఇంతకుముందు ఎక్కడ చేశారని విరాటుడు అడిగితే, ధర్మరాజు గారి దగ్గర చేశామన్నారు. ఆ ధర్మరాజు గారు అప్పటికే కంకుభట్టు అని పేరు మార్చుకుని, విరాటుడి పక్కనే కూర్చుని పాచికలాడుతున్నారు! పాత యజమాని, కొత్త సహోద్యోగి, ఇద్దరూ ఒక్కరే. విరాటుడు మనుషుల్ని ఎగాదిగా చూశాడు, పనిలో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన ఆవుల్ని కౌరవుల చేతుల్లోంచి విడిపించిందీ వాళ్లే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పెట్టి ఉంటే భారతం అక్కడితో ఆగిపోయేది. ఉద్యోగపర్వం వచ్చేది కాదు.

"మీ ప్రొఫైల్ చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంది సర్. విల్ గెట్ బ్యాక్ టు యూ" అని ఆ అమ్మాయి లేచింది. పెళ్లిచూపుల్లో కాఫీ తాగాక "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అంటారే, అదే. పిల్ల నచ్చితే అక్కడే జాతకం అడుగుతారు.

కాబట్టి ప్రభుత్వానికి ఒక వినతి. రుణమాఫీ చూశాం. ఇప్పుడు పనిమాఫీ పథకం కావాలి. ఎవరైనా తెలియక చిన్నప్పుడు పనిచేసి ఉంటే, ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్తారు. ఫలానా వారు చేసిన 14 ఏళ్ల పని రద్దయినదని, వారు ఇకమీదట ఫ్రెషర్ అని, స్టాంపు వేసి ధ్రువపత్రం ఇస్తారు. తల్లికి అన్నం పెట్టిన కాలాన్ని కూడా ఇందులో కలపాలి. పథకం దుర్వినియోగం అవుతుందన్న భయం అక్కర్లేదు. పని చేయనివాళ్లు ఎలాగూ దరఖాస్తు చేసుకోరు, వాళ్లకి ఉద్యోగాలున్నాయి.

మూడు వారాల తర్వాత నిజంగానే కబురొచ్చింది. అదే అమ్మాయి ఫోను. "సర్, ఆ పోస్టుకి ఎంబీఏ క్యాండిడేట్‌ని తీసుకున్నాం. ఆయనకి యార్డు కొత్త. మీకు వీలైతే ఒక నాలుగు రోజులు..."

కుర్రాడు వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కార్డు. మంచివాడే, మొదటి గంటలోనే సర్ మానేసి బాబాయ్ అన్నాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చమంటే వాచీ తీసి జేబులో పెట్టుకుని దూర్చాడు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించాడు. "ఏమీ వినపడట్లేదు బాబాయ్" అన్నాడు. "అదేరా నెమ్ము" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. ఆ సంబరంలో చేత్తో కన్ను తుడుచుకున్నాడు. ఇండక్షన్ ట్రైనింగ్ సంగతి నేనే మర్చిపోయాను. మజ్జిగలో గుడ్డ తడిపి కంటి మీద వేసి, అరగంట కూర్చోబెట్టాను.

నాలుగో రోజు సాయంత్రం వాడు మొహమాటపడుతూ అడిగాడు. ట్రైనింగ్ అయినట్టు ఒక సర్టిఫికెట్ కావాలట. లెటర్‌హెడ్ మీద ఉండాలట. లేకపోతే ఈ నాలుగు రోజులు వాడి ఫైల్లో గ్యాప్ కింద పడతాయట.

బ్రాడీపేటలో తెలిసిన ప్రెస్సుకి వెళ్లాను. వందకి తక్కువ వేయనన్నాడు. సంస్థ పేరేమిటన్నాడు. కాసేపు ఆలోచించి మా అమ్మ పేరు చెప్పాను, వెనక ట్రేడింగ్ కంపెనీ అని తగిలించమన్నాను. కుర్రాడి కాగితం రాసిచ్చాక 99 మిగిలాయి. ఆ రాత్రి ఇంకొకటి తీసి, ఫలానా వారు మా సంస్థలో 14 ఏళ్లు ప్రొక్యూర్‌మెంట్ ఎగ్జిక్యూటివ్‌గా, అత్యంత ఫోకస్‌తో పనిచేశారని నా పేరు మీద రాసి, కింద సంతకం పెట్టి, ఎలా ఉందో చూడమని వాడికే వాట్సాప్ చేశాను.

"సూపర్ బాబాయ్" అని జవాబిచ్చాడు. నిమిషం తర్వాత ఇంకో మెసేజ్. "కంకుభట్టు గారు ఎవరు? లింక్డ్‌ఇన్‌లో ఉన్నారా?"